న్యూటన్ రసవాద ప్రతులు చదవడం మొదలుపెట్టేవారికి

ఇంటర్మీడియట్ పిల్లలకు ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. పదవీ విరమణ చేశాక, రోజూ ఉదయం రెండు గంటలు ఐజాక్ న్యూటన్ చేతిరాతతోనే గడుస్తున్నాయి. రసవాదం మీద, అంటే మామూలు లోహాలను బంగారంగా మార్చాలని చూసిన పాతకాలపు విద్య మీద, ఆయన రాసుకున్న కాగితాలు సుమారు పది లక్షల మాటలు. 1936లో లండన్‌లో వేలానికి వచ్చినప్పుడు వాటిలో చాలా భాగాన్ని ఆర్థికవేత్త కీన్స్ కొని కాపాడారు. అవి ఇప్పుడు కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో ఉన్నాయి. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం వారు ఇంటర్నెట్‌లో పెట్టిన పుణ్యమా అని మనం ఇంట్లో కూర్చుని ఉచితంగా చదువుకోవచ్చు.

అక్కడ కొట్టివేతలతో సహా ఉన్నదున్నట్టు ఎక్కించిన పాఠం ఒకటి, సాఫు చేసినది మరొకటి ఉంటాయి. ముందు సాఫు పాఠం చదవండి. లాటిన్ రాకపోతే ఇంగ్లీషులో ఉన్న ప్రతులతో మొదలుపెట్టండి.

లోహాల పేర్లకు బదులు వాడిన గ్రహాల గుర్తులకు ఒక కాగితం కేటాయించి పక్కన పెట్టుకోండి. గ్రహాల పేర్లు తెలిసిన మనకు ఇది కష్టం కాదు. రవి బంగారం, చంద్రుడు వెండి, కుజుడు ఇనుము, బుధుడు పాదరసం, గురుడు తగరం, శుక్రుడు రాగి, శని సీసం. సున్నా మీద సిలువ ఉంటే యాంటిమొనీ అనే మూలకం.

రసవాదులు పదార్థాలకు పెట్టుకున్న మారుపేర్ల దగ్గర మాత్రం ఓపిక కావాలి. ‘వల’ అనే మాటే తీసుకోండి. రోమన్ పురాణంలో అగ్నిదేవుడు వల్కన్ తన భార్య వీనస్‌ను, ఆమె ప్రియుడు మార్స్‌ను వల పన్ని పట్టుకుంటాడు. వీనస్ రాగి, మార్స్ ఇనుము, వల్కన్ నిప్పు. యాంటిమొనీ ఖనిజాన్ని ఇనుముతో కరిగిస్తే అందులోని గంధకాన్ని ఇనుము లాగేసుకుంటుంది, యాంటిమొనీ అడుగుకు దిగుతుంది. దానికి రాగి కలిపితే ఊదారంగు మిశ్రలోహం వస్తుంది, పైన వల అల్లినట్టు గీతలు పడతాయి. అదే ఆ వల! కథ అనుకున్నది ప్రయోగమని అర్థమైన రోజు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. చదవండి గానీ చేసి చూడకండి. ఆ పొగలు విషం.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటి ఉంది. న్యూటన్ చేతిరాత అయినంత మాత్రాన అది న్యూటన్ మాట కాదు. ఆయన ఇతరుల గ్రంథాలను పేజీలకు పేజీలు ఎత్తి రాసుకునేవారు. కీన్స్ ప్రతుల్లో 18వ నంబరుది, ‘క్లావిస్’ అనేది, ఆయన సొంత రచనే అనుకుని నేను నోటుపుస్తకంలో నాలుగు పేజీలు వ్యాఖ్యానం రాశాను. పండితులు కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నారు. నిజానికి అది జార్జి స్టార్కీ అనే రసవాది 1651లో శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్‌కు రాసిన ఉత్తరం. అప్పటికి న్యూటన్‌కు ఎనిమిదేళ్ళు. ఆ నాలుగు పేజీలూ కొట్టేశాను.

అందుకే ఎత్తిరాతల మధ్య చదరపు కుండలీకరణాలు కనబడితే ఆగండి. తన సొంత అభిప్రాయాన్ని ఆయన తరచు వాటిలో పెట్టేవారు. ఆయనే కొలిమి ముందు కూర్చుని రాసింది కావాలంటే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని 3973, 3975 నంబర్ల ప్రతులు తెరవండి. గ్రెయిన్ అనే చిన్న కొలత లెక్కన తూకాలు కనిపిస్తాయి. తేదీలు రాసుకునేటప్పుడు మాత్రం ఒక్క సంగతి గుర్తుంచుకోండి: అప్పటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ లెక్కన రాసిన 1680 జనవరి మనకు 1681 అవుతుంది.