ఎండలు ముదరకముందే కారు ఏసీ సంగతి చూసుకోండి

ఏసీ పూర్తిగా ఆగిపోతే ఒక రకంగా నయం, తప్పు త్వరగా దొరుకుతుంది. కాసేపు చల్లగా, కాసేపు వేడిగా వస్తేనే చిక్కు. మెకానిక్ ముందు అది బుద్ధిగా పనిచేస్తుంది, చివరికి గ్యాస్ నింపించుకుని వచ్చేస్తాం. అలా ఒప్పుకునే ముందు, చల్లదనం ఎప్పుడెప్పుడు తగ్గుతోందో రాసిపెట్టుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

బండి నడుస్తుంటే బాగుండి, సిగ్నల్ దగ్గర ఆగగానే తగ్గుతోందా? ముందు కండెన్సర్ (ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) ఫ్యాన్‌ను అనుమానించండి. వేగంలో ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యానే చేయాలి. ఏసీ వేసి అది తిరుగుతోందో లేదో చూడండి. చేయి మాత్రం దగ్గరికి పోనివ్వొద్దు, ఆగి ఉన్న ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు. కండెన్సర్ రేకుల్లో దుమ్ము పేరుకున్నా ఇదే లక్షణం.

దూరప్రయాణంలో మొదట బాగుండి, తర్వాత గాలి జోరే తగ్గిపోతే లోపలికొచ్చే గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోందని అనుమానించాలి. ఏసీ ఆపి బ్లోవర్ ఒక్కటే కాసేపు నడపండి. మంచు కరిగి గాలి మళ్లీ మామూలుగా వస్తే అనుమానం నిజమే. ఆ గాలిని వడకట్టే కేబిన్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో ముందు చూడండి, చవకలో తేలే పని. కాయిల్ దగ్గరి సెన్సర్ సంగతి ఆ తర్వాత.

గాలి జోరుగానే ఉండి చల్లదనం వచ్చిపోతుంటే గ్యాస్‌ను తోసే కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపి విడదీసే క్లచ్ శబ్దం వినండి. కొన్ని సెకన్లకోసారి టక్కుమని పట్టి వదిలేస్తుంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. ఇంజిన్ వేడెక్కాక అసలు పట్టుకోకపోతే క్లచ్ పలకల మధ్య సందు (గ్యాప్), దానికి కరెంటు అందించే స్విచ్ (రిలే) చూడమనండి. కొన్ని కొత్త కార్లలో క్లచ్చే ఉండదు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు. ఒక పక్క చల్లగా, మరో పక్క వేడిగా వస్తుంటే డాష్‌బోర్డు లోపల చల్లగాలిని, వేడిగాలిని కలిపే చిన్న తలుపును తిప్పే మోటారు పాడైందేమో చూడాలి.

గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. నింపిన కొన్నాళ్లకే తగ్గిందంటే లీకు ఉన్నట్టే. పైపుల అతుకుల దగ్గర నూనె మరక కనిపిస్తే మెకానిక్‌కు చూపించండి. లీకు సరిచేసి, పైపుల్లోని గాలి, తేమ లాగేసి (వాక్యూమ్ పట్టి), బానెట్ కింది స్టిక్కర్‌పై ఉన్న బరువు ప్రకారమే నింపాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. ఆర్-134ఏ, ఆర్-1234వైఎఫ్ అనేవి రెండు వేర్వేరు ఏసీ గ్యాస్‌లు, వాటిని కలపకూడదు.

పైపులు మీరే విప్పే సాహసం చేయకండి. ఆర్-134ఏ బయటికొస్తే సుమారు మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, చర్మాన్నీ కళ్లనూ గడ్డకట్టించేస్తుంది. ఇంజిన్ నడుపుతూ చేసే పరీక్షలన్నీ ఆరుబయటే, మూసిన షెడ్డులో వద్దు.