సముద్రం అడుగున యుద్ధ విమానాల వేట – 3వ పాఠం: నీడ చదవడం

పాత యుద్ధ నివేదికలు, కళ్లారా చూసినవాళ్ల మాటలు కలిపి, వెతకాల్సిన మేరని గత పాఠంలో పటం మీద గీసుకున్నాం. ఇవాళ అక్కడికి సైడ్ స్కాన్ సోనార్‌తో వెళ్దాం.

పడవ వెనక కేబుల్‌తో లాగే ఈ పరికరాన్ని పనిలో ఉన్నవాళ్లు ‘చేప’ అంటారు. అది రెండు పక్కలకీ ధ్వనిని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో అడుగు బొమ్మ గీస్తుంది. గట్టి వస్తువులు మెరుస్తాయి, బురద మసగ్గా ఉంటుంది. ఎత్తుగా ఉన్నదాని వెనక్కి ధ్వని చేరదు కాబట్టి అక్కడ నల్లటి నీడ పడుతుంది.

కొత్తవాళ్లంతా మెరుపు వెంటే పడతారు. రాయి కూడా అలాగే మెరుస్తుంది మరి! మెరుపుని పక్కన పెట్టి ముందు నీడ చూడండి. నిటారుగా నిలిచిన తోక, బురదలోంచి పైకి లేచిన ప్రొపెల్లర్ బ్లేడు మెరుపులో కలిసిపోయినా నీడలో విడిగా తెలుస్తాయి.

నీడతో ఎత్తు కూడా కట్టొచ్చు. నీడ పొడవుని, అడుగు నుంచి చేప ఉన్న ఎత్తుతో గుణించి, చేప నుంచి నీడ చివరకున్న దూరంతో భాగించాలి. నీడ 6 మీటర్లు, చేప ఎత్తు 12, దూరం 48 అనుకోండి. వస్తువు ఎత్తు 1.5 మీటర్లు. అడుగు చదునుగా ఉంటేనే ఈ లెక్క నమ్మండి.

తర్వాత కొలతలు. కనిపించినదాని కొలతని విమానాల కొలతలతో పోల్చుకోండి. బీ-24 బాంబర్ రెక్కల వెడల్పు దాదాపు 33.5 మీటర్లు, అమెరికా అవెంజర్ బాంబర్‌ది 16.5, జపాన్ జీరో ఫైటర్‌ది 12. అయితే విమానం మొత్తంగా దొరకడం అదృష్టం. 1943 జులైలో పాపువా న్యూగినీ తీరంలో నీళ్ల మీద దింపిన బీ-17 బాంబర్ ‘బ్లాక్ జాక్’ 1986లో చాలావరకు ఒక్క ముక్కగానే కనిపించింది. వేగంగా కూలినవి అలా ఉండవు. ఇంజిన్లు, ల్యాండింగ్ గేర్ కాళ్లు, చుట్టూ చెదిరిన రేకులు, అంతే. ఇనుము, ఉక్కు జాడ పట్టే మాగ్నెటోమీటర్ అన్నీ చూపిస్తుందనుకోకండి, విమానం ఒంట్లో ఎక్కువగా ఉండే అల్యూమినియం దానికి అందదు. దానికి చిక్కేది ఇంజిన్ల లోపలి ఉక్కూ, తుపాకులూ.

ఒకే దిక్కు నుంచి చూసి తేల్చేయొద్దు. పల్చటి రెక్క అంచు ధ్వనికి ఎదురుగా ఉంటే గీతలా కనిపించి మాయమవుతుంది. అనుమానం వచ్చిన చోట కనీసం ఇంకో దిక్కు నుంచి పడవ నడపండి, మొదటి దారికి అడ్డంగా అయితే మేలు. ఇక్కడ బద్ధకిస్తే రాయిని చూడ్డానికి డైవర్‌ని దించాల్సి వస్తుంది.

ఇంగ్లిష్ చానెల్‌లో గుడ్విన్ శాండ్స్ దగ్గర 1940లో కూలిన జర్మన్ డోర్నియర్ 17 బాంబర్ తల్లకిందులుగా పడి ఉంది. దాన్ని 2013లో పైకి తీశారు. అంటే తలకిందుల రూపం కూడా మీ కంటికి అలవాటు కావాలి. ఏదైనా బొమ్మ విమానాన్ని కాగితం మీద బోర్లా పెట్టి, పక్కనుంచి టార్చి వేసి నీడ గీసుకోండి. టార్చి దిక్కు మార్చి మళ్లీ గీయండి.

లెక్క ఒకటి: చేప ఎత్తు 15 మీటర్లు, నీడ పొడవు 8, నీడ చివరకు దూరం 60. వస్తువు ఎత్తెంత? జవాబుతో నాలుగో పాఠం మొదలుపెట్టి, కెమెరా దించుదాం.