వెన్నుపాముకు కణమార్పిడి చేస్తామంటే ఏమేమి చూసుకోవాలి

వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన మనిషి ఉన్న ఇంటికి, మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే నడుస్తాడన్న మాట ఎవరో ఒకరు మోసుకొస్తారు. పొలం అమ్మే ఆలోచన చేసే ముందు ఆ మాటను నిగ్గు తేల్చుకోవడం అవసరం.

మొదట గాయం స్థాయిని రాతపూర్వకంగా తీసుకోండి. వెన్నుపాము గాయం తీవ్రతను కొలిచే ఏషియా (ASIA) పరీక్షలో వైద్యులు దూదితోనూ గుండుసూదితోనూ ఒక్కో పక్క 28 చోట్ల స్పర్శను చూస్తారు, పది కండరాల బలానికి సున్నా నుంచి ఐదు వరకు అంకెలు వేస్తారు, మలద్వారం దగ్గర స్పర్శ, పట్టు ఉన్నాయో లేవో కూడా పరీక్షించి ఎ (పూర్తి నష్టం) నుంచి ఇ (మామూలు స్థితి) వరకు ఒక శ్రేణి ఇస్తారు. ఈ కాగితం లేకపోతే చికిత్స తరువాత వచ్చిన మార్పు ఎంతో తేల్చే ఆధారమే ఉండదు. గాయమైన తొలి ఏడాదిలో కొందరికి ఏ కణాలూ ఎక్కించకుండానే కొంత చలనం తిరిగి వస్తుంది కనుక, చికిత్సతో నడిచారని చూపే వీడియోలు చూసి నమ్మకండి.

తరువాత, ఏ కణాలు, అవి చేసే పని ఏమిటి అని అడగండి. చనిపోయిన నాడీకణాల స్థానాన్ని భర్తీ చేయడం, నాడీతంతువుల చుట్టూ ఉండి ఊడిపోయిన మైలిన్ అనే పొరను తిరిగి కట్టడం, వాపు తగ్గించడం వేర్వేరు లక్ష్యాలు. జపాన్‌లోని కేయో విశ్వవిద్యాలయం ఐపీఎస్ కణాల (మామూలు కణాలను తిరిగి మూలకణాల్లా మార్చినవి) నుంచి తయారుచేసిన నాడీ పూర్వకణాలను (నాడీకణాలుగా ఎదగగల తొలిదశ కణాలను), గాయమైన రెండు నుంచి నాలుగు వారాల లోపు, ఒక్కొక్కరికి 20 లక్షల కణాల చొప్పున నలుగురికి ఎక్కించింది. 2025లో వెల్లడైన ఫలితాల ప్రకారం ఇద్దరి శ్రేణి మెరుగుపడింది, మిగిలిన ఇద్దరిది మారలేదు. పోల్చి చూసేందుకు కణాలు ఇవ్వని బృందం లేనందున, ఆ మెరుగుదల కణాల వల్లనే వచ్చిందని చెప్పలేము. ఇది ఆశ కలిగించే పరిశోధనే, కానీ ఏళ్ల నాటి గాయానికి ఈ ఫలితాన్ని చూపించి డబ్బు అడగడం అన్యాయం.

మీ కణాలే కనుక ప్రమాదం లేదన్న భరోసా కూడా చాలదు. తన ముక్కు లోపలి పొర కణజాలాన్నే వెన్నుపాములో పెట్టించుకున్న ఒక యువతికి, ఎనిమిదేళ్ల తరువాత అక్కడ జిగురు స్రవించే గడ్డ పెరిగి, శస్త్రచికిత్స చేయవలసి వచ్చిందని 2014లో ఒక వైద్యపత్రిక ప్రచురించింది.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, మన దేశంలో రక్తసంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ పరిశోధనలే. వాటిని అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే (రోగులపై చేసే చికిత్సా పరిశోధనలోనే), రోగి దగ్గర రుసుము తీసుకోకుండా చేయాలి. దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఆ ట్రయల్ నమోదు సంఖ్యను, ఎథిక్స్ కమిటీ అనుమతిని మీరే వెతికి చూడండి. సమ్మతి పత్రాన్ని తెలుగులో అడిగి ఇంటికి తెచ్చుకుని, నష్టం జరిగితే వైద్యఖర్చు ఎవరు భరిస్తారన్న భాగాన్ని రెండుసార్లు చదవండి.

ఫిజియోథెరపీ, మూత్రాశయ సంరక్షణ, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చడం ఏ ఆశ కోసమూ ఆపకండి. ఎక్కడో ఒకసారి కణాలు ఎక్కించుకున్నవారిని చాలా ట్రయల్స్ చేర్చుకోవు కాబట్టి, తొందరపడి సంతకం చేస్తే రేపు రాగల మంచి అవకాశానికి అనర్హులు కావచ్చు.