పనిముట్టు పట్టే ముందు కప్పు తట్టండి: గనిలోకి కొత్తగా దిగేవాళ్లకు

భూగర్భ బొగ్గు గనిలో 26 ఏళ్లు పనిచేశాను. చివరి పదేళ్లూ కొత్తవాళ్లను వెంటబెట్టుకుని దింపడమే నా పని. శిక్షణలో అన్నీ విని వస్తారు, కానీ కింద చీకటి, మెషీన్ల మోత, టెన్షన్‌తో సగం మర్చిపోతారు. అందుకే షిఫ్ట్ నడిచే వరుసలోనే చెబుతున్నాను.

లాంప్ రూమ్ దగ్గర తొందరపడొద్దు. క్యాప్ లాంప్ వెలిగించి చూసి, తీగ ఎక్కడైనా చిట్లిందేమో వేళ్లతో తడమండి. సెల్ఫ్ రెస్క్యూయర్ (పొగ, విషవాయువు కమ్మినప్పుడు నోట పెట్టుకుని ఊపిరి పీల్చే పరికరం) సీలు తెగినా, డబ్బా సొట్టపోయినా మార్చి ఇమ్మనండి, వెనకవాళ్లు విసుక్కున్నా సరే. టోకెన్, అంటే మీ నంబరున్న బిళ్ల, మీ చేత్తోనే ఇవ్వండి. ఏదైనా జరిగితే లోపల ఎవరెవరున్నారో రెస్క్యూ వాళ్లకు తెలిసేది దాంతోనే. అగ్గిపెట్టె, లైటర్, ఫోన్ పైనే వదిలేయాలి.

పనిచోటికి చేరగానే ముందు పైకి, అంటే తలపైనున్న గని కప్పు వైపు చూడండి. కొత్త పగులు, నిన్న లేని నీటి చుక్క, వంగిన ప్రాప్ (కప్పుకు ఆనించిన స్తంభం), చిటపటమంటూ రాలే చిన్న పెళ్లలు: వీటిలో ఏది కనబడినా అక్కడే ఆగి సూపర్‌వైజర్‌ను పిలవండి. ఏమీ లేకపోతే, సపోర్ట్ ఉన్న చోట నిలబడి ఇనుప కడ్డీతో కప్పును తట్టండి. గట్టి రాయి ఖంగుమంటుంది. ఊడిన పలక ఖాళీ డ్రమ్ము మీద కొట్టినట్టు డబడబమంటుంది. ఎత్తు తక్కువున్న చోట ఒక చేతి వేళ్లు కప్పుకు ఆనించి రెండో చేత్తో కొట్టి చూడండి. వదులైన పలకైతే వేళ్ల కింద అదురుతుంది. నేను చెవి కంటే వేళ్లనే ఎక్కువ నమ్ముకున్నాను. దానికో కారణం ఉంది.

మూడో ఏడాదిలో ఒకసారి పక్కన డ్రిల్లింగ్ నడుస్తుండగానే కప్పు తట్టి, బాగుందనేశాను. నిజానికి నాకేమీ వినబడలేదు. సీనియర్ ఒకాయన మెషీన్ ఆపించి మళ్లీ కొట్టమన్నాడు. బోలు శబ్దం. దించితే తలుపంత పలక పడింది, నేను నీళ్ల సీసా పెట్టుకున్న చోటే. తట్టేటప్పుడు మెషీన్ ఆగాల్సిందే. ఇంకో మాట, మందపాటి పలక ఊడి ఉన్నా ఒక్కోసారి గట్టిగానే పలుకుతుంది. కాబట్టి శబ్దం బాగుందని సపోర్ట్ లేని కప్పు కిందికి అడుగు వేయకండి.

వదులు పలకను దించేటప్పుడు కడ్డీని ఒంటికి పక్కగా, ఏటవాలుగా పట్టుకోండి. నిటారుగా పట్టుకుంటే పలక కడ్డీ వెంబడే జారి మీ మీదికి వస్తుంది. వెనక్కి తప్పుకునే దారిలో పార, కేబుల్ అడ్డం లేకుండా ముందే తీసేయండి.

ఇక గాలి. మీథేన్ తేలిక, అందుకే కప్పు దగ్గర చేరుతుంది. డిటెక్టర్‌ను నడుము దగ్గర కాదు, కప్పు దగ్గర పట్టుకుని చూడాలి. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. కార్బన్ డయాక్సైడ్ బరువు కాబట్టి పల్లపు చోట్ల నిలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా రెండూ లేవు. బ్రిటన్ గనుల్లో 1986 దాకా కానరీ పిట్టలను వాడింది దానికోసమే. పని ఆపేసిన పాత దారులకు కంచె కట్టి ఉంటుంది. మూత్రానికైనా సరే, ఆ కంచె దాటొద్దు. అటువైపు గాలి ఆడదు.

పొగ కనిపించినా, గ్యాస్ అలారం మోగినా ఏమిటో చూసొద్దామని వెళ్లకండి. సెల్ఫ్ రెస్క్యూయర్ వెంటనే తగిలించుకోండి. మీ దగ్గరున్నది ఏ రకమో ముందే అడిగి తెలుసుకోండి. ఫిల్టర్ రకం కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రమే ఆపుతుంది, ఆక్సిజన్ లేని చోట పనికిరాదు. ఆక్సిజన్ పుట్టించే రకంలో పీల్చే గాలి వేడిగా, పొడిగా ఉంటుంది. అంటే అది పనిచేస్తోందన్నమాట. పాడైందనుకుని తీసేస్తే ప్రాణమే పోవచ్చు. మాట్లాడాలన్నా నోట్లోంచి తీయకూడదు. మొదటి మాక్ డ్రిల్‌లో నేను చేసింది సరిగ్గా అదే: "ఇది వేడిగా ఉంది సార్" అని చెప్పడానికి తీసేశాను. అందరూ నవ్వారు, నిజం పొగైతే నవ్వేవాళ్లు కాదు. పరిగెత్తకుండా నడవండి, పరిగెడితే ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. నా వెంట వచ్చినవాళ్ల చేత దీపం ఆర్పించి, చీకట్లో తడుముకుంటూ తగిలించుకోవడం సాధన చేయించేవాణ్ణి.

దుమ్ము వెంటనే ఏమీ చేయదు, అందుకే దాన్ని ఎవరూ లెక్కచేయరు. రాతి దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడితే, వాటిని మాన్పే మందు లేదు. నీళ్లు లేకుండా డ్రిల్ చేయకండి. గడ్డం పెంచితే మాస్కు అంచుల నుంచి దుమ్ము లోపలికి వస్తుంది. ఛాతీ ఎక్స్‌రే తేదీ తప్పించుకోకండి.

కన్వేయర్ తిరుగుతుండగా పారతో శుభ్రం చేయొద్దు. ఆపి, స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి.

ప్రమాదం అనిపిస్తే పని ఆపి బయటకు రావడం ఎదురు తిరగడమేమీ కాదు. 1995లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 176వ ఒప్పందం గని కార్మికుడికి ఈ హక్కును గుర్తించింది.

షిఫ్ట్ దిగేటప్పుడు వదులుగా అనిపించిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. తర్వాతి షిఫ్ట్ వాళ్లు వచ్చేదాకా ఆగి, ఆ చోటుకే తీసుకెళ్లి చూపించండి. పైకొచ్చి చెబుదాంలే అనుకుంటే, మీరు స్నానం చేసేలోపే వాళ్లు దాని కిందికి వెళ్లిపోతారు.