కిచెనర్–వాటర్‌లూలో కారు లేకుండా బస్సు మీద నెట్టుకురావడం ఎలా

కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో, టొరంటోకు పడమర దిక్కున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో కిచెనర్, వాటర్‌లూ, కేంబ్రిడ్జ్ అనే మూడు ఊళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం కిచెనర్‌లో 2,56,885 మంది, కేంబ్రిడ్జ్‌లో 1,38,479 మంది, వాటర్‌లూలో 1,21,436 మంది నివసిస్తున్నారు. మూడింటికీ కలిపి సిటీ బస్సులు నడిపేది గ్రాండ్ రివర్ ట్రాన్సిట్. వాడుకలో అందరూ జీఆర్‌టీ అనే అంటారు. కిచెనర్, కేంబ్రిడ్జ్ ఊళ్ల బస్సు సంస్థలను 2000లో కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. 2019 జూన్ 21న 'అయాన్' అనే లైట్ రైలు కూడా ఇందులో చేరింది. ఇక్కడికి చదువుకోవడానికో ఉద్యోగానికో వచ్చే మనవాళ్లలో చాలామందికి మొదటి ఏడాది కారు ఉండదు, లైసెన్సూ చేతికి రాదు. అయినా ఈ ఊళ్లో ఇబ్బంది పడకుండా బతకవచ్చు. కాకపోతే ఇల్లు చూసుకోవడానికి ముందే బస్సు చూసుకోవాలి.

సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. అద్దె తక్కువని, వంటగది బాగుందని, తెలిసినవాళ్లు పక్కనే ఉన్నారని గది ఒప్పుకొని, ఆ తరువాత బస్సు సంగతి ఆరా తీస్తారు. అలా కాకుండా, గది చిరునామా తెలియగానే ఫోనులోని మ్యాపులో మీ కాలేజీకి లేదా పని చేసే చోటికి బస్సు దారి వెతకండి. వెతికేటప్పుడు ఇప్పటి సమయం ఇవ్వకుండా, ఆదివారం ఉదయం ఏడింటికి ఒకసారి, మామూలు రోజు రాత్రి పదకొండున్నరకు ఒకసారి సమయం మార్చి చూడండి. పగటిపూట పావుగంటకొకటి వచ్చే రూటు ఆదివారం అరగంటకో గంటకో ఒకటి కావచ్చు, పొద్దున ఆలస్యంగా మొదలు కావచ్చు. ఫ్యామిలీ డే, విక్టోరియా డే, కెనడా డే వంటి సెలవు రోజుల్లోనూ బస్సులు తగ్గుతాయి. గోదాములలో, ఫ్యాక్టరీలలో తెల్లవారుజాము షిఫ్టుకు ఒప్పుకునేవారు ఈ ఒక్క లెక్క ముందే వేసుకుంటే, ప్రతి వారం జీతంలో కొంత టాక్సీకి పోయకుండా తప్పించుకుంటారు. బస్సు స్టాపు నుంచి గది ఎంత దూరమో కూడా చూడండి. సెప్టెంబరులో ఎనిమిది నిమిషాలు పట్టే నడక జనవరిలో మంచు మీద పావుగంట పడుతుంది.

నా అభిప్రాయంలో కొత్తవారికి అన్నిటికన్నా అనుకూలమైన చోటు అయాన్ స్టేషనుకు గానీ, ఐఎక్స్‌ప్రెస్ రూటు స్టాపుకు గానీ పది నిమిషాల నడకలో ఉన్న గది. ఐఎక్స్‌ప్రెస్ అంటే స్టాపులు దూరదూరంగా ఉండి వేగంగా వెళ్లే బస్సు. వీటి నంబర్లు రెండు వందల వరుసలో ఉంటాయి. అయాన్ రైలు వాటర్‌లూ ఉత్తరాన ఉన్న కోనెస్టోగా మాల్ నుంచి కిచెనర్ దక్షిణాన ఉన్న ఫెయిర్‌వే దాకా 19 స్టేషన్లతో నడుస్తుంది. కేంబ్రిడ్జ్‌కు ఇంకా రైలు లేదు కనుక ఫెయిర్‌వేలో దిగి 302 నంబరు బస్సు ఎక్కాలి. అది ఐన్‌స్లీ టెర్మినల్ దాకా వెళుతుంది.

ఇక్కడ ఒక విషయం దగ్గర ఆగి చెప్పాలి, ఎందుకంటే కొత్త విద్యార్థులను ఇది నిజంగా ఇబ్బంది పెడుతుంది. అయాన్ రైలు ముందు భాగాన 'కోనెస్టోగా' అని వెలిగితే అది కోనెస్టోగా కాలేజీకి వెళ్లే రైలు కాదు, కోనెస్టోగా మాల్‌కు వెళ్లేది. కాలేజీ వారి పెద్ద క్యాంపస్, అంటే డూన్ క్యాంపస్, దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో, కిచెనర్ దక్షిణ కొసన ఉంది. అక్కడికి వెళ్లాలంటే ఫెయిర్‌వే వైపు వెళ్లే రైలు ఎక్కి, చివరి స్టేషనులో దిగి కాలేజీకి వెళ్లే సిటీ బస్సు పట్టుకోవాలి. పైగా ఆ కాలేజీకి వాటర్‌లూలో, కేంబ్రిడ్జ్‌లో కూడా క్యాంపస్‌లు ఉన్నాయి. మీ తరగతి ఏ క్యాంపస్‌లోనో టైంటేబులులో చూసుకొని, ఆ క్యాంపస్ పేరుతోనే దారి వెతకాలి. వీధి పేర్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. కింగ్ స్ట్రీట్ వాటర్‌లూలో నార్త్, సౌత్ అని, కిచెనర్‌లో ఈస్ట్, వెస్ట్ అని విడిపోతుంది. కేంబ్రిడ్జ్‌లో మరొక కింగ్ స్ట్రీట్ ఉంది. పక్కపక్కనే సాగే కింగ్, వెబర్ వీధులు ఒకదాన్నొకటి మూడు చోట్ల దాటుకుంటాయి కాబట్టి "కింగ్, వెబర్ కలిసే చోట" అని ఎవరైనా చెబితే ఏ చోటో మళ్లీ అడగక తప్పదు.

డబ్బు సంగతికి వస్తే, మీది యూనివర్సిటీ ఆఫ్ వాటర్‌లూ గానీ విల్‌ఫ్రిడ్ లారియే గానీ అయితే ఫీజుతో పాటే బస్సు పాసు రుసుము కూడా కట్టించుకుంటారు, విద్యార్థి కార్డే పాసుగా పనిచేస్తుంది. తక్కిన కాలేజీలవారు తమ విద్యార్థి సంఘం కార్యాలయంలో పాసు గురించి అడిగి తెలుసుకోవాలి. విడిగా కార్డు కొనేముందు ఈ మాట అడగడం మంచిది, ఫీజులో ఇప్పటికే కట్టిన దానికి రెండోసారి కట్టనవసరం లేదు. మిగిలినవారు జీఆర్‌టీ వారి ఛార్జీ కార్డు, అంటే ఈజీగో కార్డు తీసుకొని అందులో డబ్బు వేసుకోవడం మేలు. నాణేలతో కూడా ఎక్కవచ్చు గానీ డ్రైవరు చిల్లర తిరిగి ఇవ్వరు, ఎంత వేస్తే అంతా పోయినట్టే. ఒకసారి చెల్లించిన ఛార్జీ రెండు గంటలు చెల్లుతుంది. ఆ లోపల బస్సు మారవచ్చు, రైలు ఎక్కవచ్చు, కూరగాయలు కొనుక్కొని అదే రూటులో వెనక్కి కూడా రావచ్చు. నాణేలతో చెల్లించినవారు ట్రాన్స్‌ఫర్ కాగితం అడిగి తీసుకొని, దిగేదాకా కాదు, ఇల్లు చేరేదాకా దాచుకోవాలి. అయాన్ రైలులో డ్రైవరు దగ్గర చెల్లించే ఏర్పాటు లేదు. ప్లాట్‌ఫారం మీది యంత్రానికి కార్డు తాకించిన తరువాతే ఎక్కాలి. లోపల తనిఖీ చేసేవారు అడిగినప్పుడు చూపలేకపోతే జరిమానా పడుతుంది.

స్టాపు దగ్గర మనవాళ్లు తడబడేది దిక్కు విషయంలో. ఇక్కడ వాహనాలు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి. మన ఊళ్లో ఎడమ పక్కన నిలబడే అలవాటు కొద్దీ కాళ్లు అటే వెళతాయి, ఎక్కిన బస్సు వ్యతిరేక దిశలో పోతుంది. మీరు వెళ్లవలసిన వైపు ముఖం పెట్టి నిలబడితే మీ కుడిచేతి పక్క ఉన్న స్టాపే మీది. స్టాపు కమ్మీకి ఉన్న చిన్న బోర్డు మీద రూటు నంబర్లతో పాటు నాలుగంకెల స్టాపు నంబరు ఉంటుంది. ఆ నంబరును 57555కు మెసేజి పంపితే రాబోయే బస్సులు ఎన్ని నిమిషాల్లో వస్తాయో జవాబు వస్తుంది. ఫోనులో డేటా లేనప్పుడు ఇది ప్రాణం నిలబెడుతుంది. ఊరి నడిబొడ్డున అయాన్ రైలు వెళ్లే పట్టాలు ఒక వీధిలో, వచ్చే పట్టాలు మరో వీధిలో ఉన్నాయి కనుక, పొద్దున దిగిన స్టేషనులోనే సాయంత్రం రైలు దొరుకుతుందని అనుకోకండి.

బస్సులో కండక్టరు ఉండరు. ముందు తలుపు నుంచి ఎక్కి, కార్డు తాకించి, వెనక్కి జరగాలి. రాబోయే స్టాపు పేరు వినిపిస్తుంది, తెర మీద కనిపిస్తుంది. మీ స్టాపు పేరు రాగానే కిటికీ పక్కన వేలాడే తాడు లాగాలి, లేదా కమ్మీ మీది మీట నొక్కాలి. ఎవరూ లాగకపోతే, స్టాపులో ఎక్కేవారూ లేకపోతే, బస్సు ఆగకుండా వెళ్లిపోతుంది. వెనక తలుపు తనంతట తాను తెరుచుకోదు. పైన ఆకుపచ్చ దీపం వెలిగాక చేత్తో నెట్టాలి. దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్యూ చెప్పడం ఇక్కడి మర్యాద, మనమూ పాటించవలసిన మంచి మర్యాద.

చలికాలానికి వేరే లెక్క ఉంది. మంచు పడిన ఉదయం యాప్ చెప్పిన సమయం మీద పూర్తిగా ఆధారపడకండి. పరీక్ష గానీ ఇంటర్వ్యూ గానీ ఉంటే అంతకు ముందు బస్సుకే వెళ్లండి. యంత్రాలు రోడ్డు మీది మంచును పక్కకు తోయడం వల్ల స్టాపు ముందు మోకాలెత్తు గట్టు ఏర్పడుతుంది. దాని మీద నిలబడకుండా, దారి చేసి ఉన్న చోట, రోడ్డుకు దూరంగా నిలబడాలి. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. నల్ల కోటు వేసుకొని స్టాపు మూల నిలబడిన మనిషి డ్రైవరుకు కనిపించడు, అందుకే బస్సు దగ్గరపడగానే ఫోను దీపం వెలిగించి కిందికి పట్టుకోండి. చలిలో ఫోను బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి దాన్ని లోపలి జేబులో ఉంచుకోవాలి. మీ స్టాపు నంబరు, చివరి బస్సు సమయం ఒక కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి. టైంటేబుళ్లు ఏడాదిలో కొన్నిసార్లు, ముఖ్యంగా సెప్టెంబరులోనూ జనవరిలోనూ మారతాయి, ఆ కాగితాన్నీ అప్పుడు మార్చాలి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు బస్సు మరింత అక్కరకు వస్తుంది. పిల్లలు ఆఫీసుకు వెళ్లాక పగలంతా నాలుగు గోడల మధ్య కూర్చోవడమే వాళ్లకు పెద్ద శిక్ష. ఇంగ్లీషు రాకపోయినా వాళ్లు ఇక్కడ బస్సు ఎక్కగలరు. మొదటి రెండుసార్లు తోడు వెళ్లి, ఎక్కే స్టాపు, దిగే స్టాపు, లాగవలసిన తాడు చూపించండి. ఇంటి చిరునామా, మీ ఫోను నంబరు రాసిన చీటీని ఈజీగో కార్డుతో కలిపి ఇవ్వండి. మోకాళ్ల నొప్పులున్నవారికి డ్రైవరు బస్సు ముందు భాగాన్ని కిందికి దించుతారు, చక్రాల కుర్చీకి వాలు పలక వేస్తారు; ముందు వరుస సీట్లు పెద్దవాళ్ల కోసమే. లైబ్రరీకో, మాల్‌కో, మరో తెలుగు ఇంటికో తమంతట తాము వెళ్లి రాగలిగితే ఇక్కడ ఉన్నన్నాళ్లూ వాళ్లకు ఊపిరాడుతుంది.

టొరంటో వైపు వెళ్లడానికి మాత్రం జీఆర్‌టీ కార్డు చెల్లదు. అటు నడిచేవి గో అనే వేరే సంస్థ బస్సులూ రైళ్లూ, వాటికి ప్రెస్టో కార్డు వాడవచ్చు. కిచెనర్ గో రైలు స్టేషను అయాన్ సెంట్రల్ స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. వాటర్‌లూ విశ్వవిద్యాలయం నుంచి మిసిసాగాలోని స్క్వేర్ వన్‌కు 25 నంబరు గో బస్సు ఉంది. విమానం ఎక్కవలసిన రోజున వెళ్లే బస్సుతో పాటు దాని తరువాతి బస్సు సమయం కూడా చూసి పెట్టుకోండి.