ఐరిష్ విస్కీ, ఐదవ పాఠం: గుర్తుండిపోయే రోజుకు ఒక సీసా

నాలుగవ పాఠంలో సీసా మీద కనిపించే అంకెలను చదవడం గురించి రాశాను. దాని మీద మీరు పంపిన ఉత్తరాలన్నీ చదివాక, ఈసారి చెప్పాలనుకున్న విషయానికి ముందు, పోయినసారి మిగిలిపోయిన చిక్కు విప్పక తప్పదని తేలింది. డబ్లిన్‌లో ఉంటున్న ఒక పాఠకుడు, తండ్రిగారి పదవీ విరమణకు ఇవ్వడానికని, లేబుల్ మీద రెండు వందల ఏళ్ల కిందటి సంవత్సరం అచ్చయిన సీసాను కొని, సరుకు అంత పాతదేనని ఇంటికి ఫోను చేసి చెప్పారు. కార్క్ నుంచి రాసిన ఒక పాఠకురాలు దుకాణంలోని పదకొండు సీసాల ధరలను వాటి వయసుతో భాగించి, ఏడాదికి ఎన్ని యూరోలు పడుతుందో పట్టిక వేసి, అందులో అన్నిటికన్నా చవకగా తేలినదాన్ని భర్తగారి నలభయ్యవ పుట్టినరోజుకు కొన్నారు. ఇద్దరూ పాఠాన్ని శ్రద్ధగా చదివినవారే. అంకెలు మూడు రకాలని, అంటే సంవత్సరం, వయసు, ఆల్కహాల్ శాతం అని చెప్పి, ఏ అంకె దేనికి కొలతో విడమరచి చెప్పకపోవడం నా పొరపాటు.

ముందుగా సంవత్సరం సంగతి. జేమ్సన్ మీద 1780, పవర్స్ మీద 1791, కిల్‌బెగ్గన్ మీద 1757, బుష్‌మిల్స్ మీద 1608 అని కనిపిస్తాయి. ఆ అంకె పేరు ఎప్పటిదో చెబుతుందే తప్ప, సీసాలో ఉన్నదాని గురించి ఒక్క మాట కూడా చెప్పదు. బుష్‌మిల్స్ వాడుకునే 1608, ఆంట్రిమ్ ప్రాంతంలో మద్యం కాయడానికి మొదటి జేమ్స్ రాజు కాలంలో ఇచ్చిన అనుమతి తేదీ. ఆ పేరుతో కంపెనీ నమోదైనది 1784లో. జేమ్సన్ పుట్టిన డబ్లిన్ బో స్ట్రీట్‌లో బట్టీలు 1971లోనే ఆగిపోయాయి. ఇవాళ మనం కొనే జేమ్సన్, పవర్స్ రెండూ కార్క్ దగ్గరి మిడిల్టన్‌లో, 1975లో మొదలైన ఒకే డిస్టిలరీలో తయారవుతున్నాయి. టల్లమోర్‌లోని పాత డిస్టిలరీ 1954లో మూతపడింది, కొత్తది 2014లో తెరిచారు. కిల్‌బెగ్గన్‌లో కూడా అర్ధ శతాబ్దం పాటు బట్టీ చల్లారిపోయి, 2007లో మళ్లీ వెలిగింది. ఈ పేర్లను తక్కువ చేయాలని నేను ఇదంతా చెప్పడం లేదు. వాటిలో మంచి విస్కీలు ఉన్నాయి, నేను తాగేవీ ఉన్నాయి. అయితే ఆ సంవత్సరాన్ని చూసి పది యూరోలు ఎక్కువ పెట్టేవారిని దుకాణంలో చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

దీనితో ముడిపడిన మరొక అపోహ కూడా ఉత్తరాల్లో కనిపించింది. మంచి సీసా కొని, బీరువాలో పదేళ్లు దాచి, కూతురి పెళ్లినాటికి తీస్తే దాని వయసు పెరుగుతుందా అని ఒకరు అడిగారు. పెరగదు. ఆవకాయ జాడీలో ఊరినట్టు విస్కీ సీసాలో ఊరదు. ఊరేదంతా పీపాలోనే, సీసాలోకి వచ్చిన రోజుతో వయసు ఆగిపోతుంది. పన్నెండేళ్ల విస్కీని ముప్పై ఏళ్లు దాచినా అది పన్నెండేళ్లదే. దాచుకోవడంలో తప్పు లేదు, గుర్తుగా ఉంటుంది. రుచి కోసం మాత్రం దాచవద్దు.

ఇక వయసు. లేబుల్ మీది వయసు, సీసాలో కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు. ఐర్లండ్ ద్వీపంలోనే, 700 లీటర్లకు మించని చెక్క పీపాలో, కనీసం మూడేళ్లు ఉంటేనే దానికి ఐరిష్ విస్కీ అన్న పేరు దక్కుతుంది. పీపాలో ఉన్నంత కాలం ఏటా సుమారు రెండు శాతం ఆవిరైపోతుంది, దానిని దేవదూతల వాటా అంటారు. లెక్క వేసి చూడండి: పన్నెండేళ్లలో అయిదో వంతు కన్నా కాస్త ఎక్కువ, ఇరవై ఒక్క ఏళ్లలో మూడో వంతు గాలిలో కలిసిపోతుంది. ఇరవై ఒక్క ఏళ్ల సీసాకు చెల్లించే ధరలో, మనకు దక్కని ఆ మూడో వంతు ధర కూడా ఉంది, ఇరవై ఒక్క ఏళ్ల గోదాము ఖర్చు కూడా ఉంది. అవన్నీ న్యాయమైన ఖర్చులే గాని రుచిలోకి వచ్చే ఖర్చులు కావు.

రుచి పీపాను బట్టి వస్తుంది. బర్బన్ అనే అమెరికా విస్కీ గాని షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారా గాని ఖాళీ అయిన పీపాలో మొదటిసారి ఐరిష్ విస్కీ పోస్తే చెక్క ధారాళంగా ఇస్తుంది. అదే పీపాను మూడోసారి నింపితే, మరిగిన టీ పొడినే మళ్లీ మరిగించినట్టు, ఎంతసేపు ఉంచినా పలచగానే దిగుతుంది. అందుకే కార్క్ పాఠకురాలు వేసిన పట్టికలో కూడికలు, భాగహారాలు అన్నీ సరిగ్గా ఉన్నా ఎంపిక తప్పింది. ఏళ్లు కాలానికి కొలత మాత్రమే, పీపాలో చేవ ఎంత ఉందో అవి చెప్పలేవు.

మూడవ అంకె, అంటే ఆల్కహాల్ శాతం గురించి రెండు మాటలు చాలు. నలభై శాతం చట్టం పెట్టిన కనీస హద్దు. నలభై ఆరు కన్నా తక్కువ ఉన్న విస్కీలో చల్లని నీరు కలిపితే మసక తేలవచ్చు, ఆ మసక రాకుండా చాలామంది తయారీదారులు చల్లబరిచి వడకడతారు, ఆ వడపోతలో కొంత జిగి కూడా పోతుంది. నలభై ఆరు శాతం దగ్గర ఆ వడపోత అవసరం ఉండదు. రెండు సీసాలు ఒకే ధరకు, ఒకే తరహాలో ఉంటే నేను నలభై ఆరునే తీసుకుంటాను.

ఇప్పుడు ఈ వారం పాఠం: చేతిలో పరిమితంగా డబ్బు ఉన్నప్పుడు ఎంత పెట్టాలి. ఐర్లండ్‌లో 70 సెంటీలీటర్ల నలభై శాతం సీసా మీద ఎక్సైజ్ సుంకం సుమారు 11.92 యూరోలు, సీసా ధర ఎంతయినా ఆ సుంకం మారదు. దాని మీద 23 శాతం వ్యాట్ ఉంది. 25 యూరోల సీసా తీసుకుంటే, పన్నులు పోను విస్కీకి, గాజుకు, కార్కుకు, రవాణాకు, దుకాణదారుకు కలిపి మిగిలేది ఎనిమిది యూరోల నలభై సెంట్లు. 65 యూరోల సీసాలో అదే లెక్కన దాదాపు 41 యూరోలు మిగులుతాయి. మీరు పెట్టింది రెండున్నర రెట్లు, సరుకు వైపు వెళ్లింది దాదాపు అయిదు రెట్లు. మొదటి పాతిక యూరోలలో మూడింట రెండు వంతులు ప్రభుత్వానివి. ఆ పైన మీరు పెట్టే ప్రతి యూరోలో ఎనభై సెంట్లు సీసా వైపు నడుస్తాయి. అందుకే రోజువారీ సీసాకు, ప్రత్యేకమైన రోజు సీసాకు మధ్య తేడా తెలియాలంటే 60 యూరోల చుట్టుపక్కలకు వెళ్లమని చెబుతాను. అక్కడి నుంచి 120కి వెళితే తేడా ఉండవచ్చు గాని, ఆ అదనపు డబ్బులో పెద్ద భాగం పైన చెప్పిన ఏళ్లకే పోతుంది.

ఆ 60 యూరోలను ఏ రకం మీద పెట్టాలి అంటే నా జవాబు పాట్ స్టిల్. ఇందులో నా ఇష్టం కూడా ఉంది, దాచను. పాట్ స్టిల్ అంటే మొలకెత్తించిన బార్లీ, మొలకెత్తించని బార్లీ కనీసం ముప్పై శాతం చొప్పున కలిపి రాగి బట్టీలో కాచినది. మొలకెత్తించిన బార్లీ మీద పన్ను వేసిన కాలంలో, ఆ పన్ను తప్పించుకోవడానికి పచ్చి బార్లీ కలపడం పెరిగింది. ఆ కలయికే నాలుక మీద మీగడలాంటి చిక్కదనాన్ని, వెనకాల మిరియపు ఘాటును తెచ్చింది. సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో పూర్తిగా మొలకెత్తించిన బార్లీతో కాచినది కావాలంటే స్కాట్లండ్ ఉంది, జపాన్ ఉంది, మన దేశమూ ఉంది. పాట్ స్టిల్ కోసం ఐర్లండ్ దాకా రావలసిందే. ఐర్లండ్ నుంచి బహుమతి ఇస్తున్నప్పుడు దానిని వదులుకోవడం నాకు నచ్చదు.

ఈ ధరలో మూడు పేర్లు గుర్తుంచుకోండి. రెడ్‌బ్రెస్ట్ పన్నెండేళ్లది షెర్రీ పీపాల వాసనతో, ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ గుర్తు చేసే తీపితో ఉంటుంది; విస్కీ అలవాటు తక్కువ ఉన్న పెద్దవారికి ఇస్తే కాదనరు. పవర్స్ జాన్స్ లేన్ కూడా పన్నెండేళ్లదే, నలభై ఆరు శాతం, ఘాటు కోరుకునేవారికి. మూడవది గ్రీన్ స్పాట్, దీని మీద వయసు ఉండదు, అయినా దీనిని చూపించి పాఠం చెప్పడం నాకు ఇష్టం. డబ్లిన్‌లో మిచెల్ అనే ద్రాక్షసారా వ్యాపార కుటుంబం తమ పీపాలను జేమ్సన్ బట్టీకి పంపి నింపించుకుని, ఎన్నేళ్లు ఉంచాలో గుర్తుకు పీపా మీద రంగు చుక్క పెట్టేది: ఏడేళ్లకు నీలం, పదేళ్లకు ఆకుపచ్చ, పన్నెండుకు పసుపు, పదిహేనుకు ఎరుపు. ఇచ్చేటప్పుడు ఈ కథ ఒక కాగితం మీద తెలుగులో రాసి సీసా మెడకు కట్టండి. పెట్టె కన్నా ఆ కాగితమే ఎక్కువ రోజులు ఉంటుంది.

పెట్టె అన్నాను గనుక ఒక అనుభవం చెప్పాలి. మా పెద్దబావగారి అరవయ్యవ పుట్టినరోజుకు నేను ఒక దుకాణంలో, లోపల మఖమల్ గుడ్డ పరిచి, ఇత్తడి గొళ్లెం పెట్టిన చెక్కపెట్టెను చూసి సీసా కొన్నాను. వెనక లేబుల్ తిప్పి చూడలేదు. ఆయన అందరి ముందు గొళ్లెం తీసి, కార్కు లాగి, నాలుగు గ్లాసులలో పోశారు. రెండో గుక్క తరువాత ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు, పచ్చి ఘాటు, అడుగున చెక్కపొట్టు వాసన. ఆయన నన్ను ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టం కలిగించింది. ఆ రోజు నుంచి సీసాను పెట్టెలోంచి తీసి, వెనక్కి తిప్పి, రకం, వయసు, శాతం, ఏ డిస్టిలరీలో కాచారు అన్న నాలుగు విషయాలు చదవకుండా డబ్బు ఇవ్వలేదు. కాచిన చోటు రాయని సీసాలు చెడ్డవి కావు. కొత్త డిస్టిలరీలు తమ సరుకు ఊరేవరకు ఇతరుల దగ్గర కొని అమ్మడం మామూలే. కాని ప్రత్యేకమైన రోజుకు మాత్రం నేను వాటి జోలికి పోను.

40 యూరోలే ఉన్నవారు మనసు చిన్నబుచ్చుకోనక్కరలేదు. నలభై ఆరు శాతం ఉన్న టీలింగ్ స్మాల్ బ్యాచ్, పాట్ స్టిల్‌ను మాల్ట్‌ను కలిపిన రైటర్స్ టియర్స్ ఆ దరిదాపుల్లోనే దొరుకుతాయి. ఇండియాలోని మన ఊరికి తీసుకువెళ్లేవారు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తీసుకువెళ్లవచ్చు. దారిలో విమానం మారేవారు చేతిసంచిలో కాక, బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టుకోవడం మేలు.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమైనదే ఇస్తున్నాను, ఎందుకంటే పోయినసారి తేలికగా ఇచ్చి నష్టపోయాం. ఒక సాయంత్రం, రద్దీ లేని వేళ, పబ్‌కు వెళ్లి ఒక జేమ్సన్, ఒక రెడ్‌బ్రెస్ట్ పన్నెండు అడగండి; ఇక్కడి కొలత ఒక్కొక్కటి 35.5 మిల్లీలీటర్లు. రెండూ మిడిల్టన్‌లో కాచినవే, మొదటిదానిలో పాట్ స్టిల్‌తో పాటు మొక్కజొన్న వంటి ధాన్యాలతో కాచే తేలికైన గ్రెయిన్ విస్కీ కలుస్తుంది, రెండోది పూర్తిగా పాట్ స్టిల్. ఐస్ వద్దు. ముందు వాసన చూసి, తరువాత చిన్న గుక్కలు మార్చి మార్చి తీసుకుంటూ, నాలుక మధ్యలో బరువు ఎక్కడ ఎక్కువగా ఉందో రాయండి. మీగడ, మిరియం, ఖర్జూరం వంటి మన వంటింటి మాటలే వాడండి. తరువాత చెంచాడు నీరు కలిపి మళ్లీ రాయండి. మరొక రోజు దుకాణానికి డబ్బు తీసుకోకుండా వెళ్లి, 35 నుంచి 75 యూరోల మధ్య ఉన్న పది సీసాలను వెనక్కి తిప్పి, పైన చెప్పిన నాలుగు విషయాలను నోటుపుస్తకంలో ఎక్కించుకోండి. ముందు వైపు ఉన్న సంవత్సరాన్ని మాత్రం రాయవద్దు. వారం ఆగి, ఆ కాగితం చూసి ఒక పేరు కింద గీత గీసి, ఎవరికి ఇస్తున్నారో, ఆ మనిషికి అదే ఎందుకో మూడు వాక్యాలలో రాసి నాకు పంపండి. ఆ తరువాతే కొనండి.