పాత మోడల్ స్కోపు జారడం ఎలా ఆగిందంటే

హన్మకొండలో మా మేడ మీద ఇసుక బస్తాలు పేర్చి, 10 మీటర్ల దూరంలో ఎయిర్ రైఫిల్ గురి చూస్తుంటాను. దానికి పాతకాలపు సైనిక స్కోపు (గురి చూసే దుర్భిణి) నమూనా బిగించాను. ఇరవై గుళ్లు కాల్చేసరికి గురి తప్పేది. గుళ్లు మార్చాను, స్కోపులో గురి సరిచేసే మరలు తిప్పాను, స్క్రూలు గట్టిగా బిగించాను. అంతా దండగే.

అసలు దొంగ గన్ను మీది గాడిలోని నూనె. స్కోపును పట్టుకునే మౌంట్లు ఆ గాడిలోనే బిగుస్తాయి. కాల్చినప్పుడు నా స్ప్రింగు గన్ను మొదట వెనక్కి, వెంటనే ముందుకి తంతుంది. ఆ కుదుపుకు మౌంట్ కొద్దికొద్దిగా వెనక్కి పాకుతుంది. మౌంట్లు ఊడదీసి, 11 మిల్లీమీటర్ల గాడిని గుడ్డకు నలుపు అంటనంతవరకు స్పిరిటుతో తుడిచాను. ఆరాక వెనక మౌంట్ జారకుండా ఆపే పిన్నును గన్ను మీది రంధ్రంలోకి దించి, స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగించాను. చివర్న మా ఆవిడ గోళ్లరంగుతో మౌంట్ నుంచి గాడి మీదికి, జారితే తెలిసేలా ఓ గీత గీశాను (తిట్లు వేరే సంగతి).

వంద గుళ్లయ్యాయి, గీత చెదరలేదు. పిన్ను రంధ్రం లేని గన్నుకు మాత్రం ఇంతే సరిపోకపోవచ్చు.